సముద్రంలో ఎవరు ఎవర్ని ఎందుకు తినరు: మెరైన్ కెమికల్ ఎకాలజీలో ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయడం ఎలా

నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు జాతీయ అర్హత పరీక్ష) ఫలితాలు వచ్చిన వారం నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, జేఆర్‌ఎఫ్ వచ్చింది. మెరైన్‌లో చేద్దామనుకుంటున్నా. ఏ టాపిక్ తీసుకోమంటావు?" జేఆర్‌ఎఫ్ అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. టాపిక్ లేకుండా అది తెచ్చుకోవడం, ముహూర్తం పెట్టేసుకుని సంబంధం వెతకడం లాంటిది. దొరకదని కాదు, దొరికినదాన్నే ఖాయం చేసుకోవాల్సి వస్తుంది.

మీరు ఎమ్మెస్సీ కెమిస్ట్రీయో, జువాలజీయో, బాటనీయో, మెరైన్ బయాలజీయో చదువుతూ ఈ దారిలోకి రావాలనుకుంటుంటే నేను చెప్పే వరస కాస్త తలకిందులుగా ఉంటుంది. ముందు ప్రశ్న, తర్వాత ఆ ప్రశ్నకు సరిపోయే ప్రయోగం, ఆ ప్రయోగం జరిగే చోటు. నెట్ పరీక్షా, ఫెలోషిప్ డబ్బూ వీటి పక్కనే నడవాలి గానీ వీటికంటే ముందు నడవకూడదు.

1. ఒక ప్రశ్న పట్టుకోండి

విశాఖలో ఉంటే ఒక పని చేయండి. పౌర్ణమికో అమావాస్యకో దగ్గర్లో ఆటు బాగా దిగే పూట చూసుకుని తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి వెళ్లండి. రాయి మీద వేలు పెట్టే సందు కూడా లేకుండా బార్నకిల్స్, చిన్న చిన్న గుల్లలు అతుక్కుని ఉంటాయి. ఖాళీ జాగా కనిపిస్తే చాలు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. అయినా ఆ మధ్యలోనే ఒక్కోచోట ఏదో నాచు ఆకు, ఏదో స్పంజి (రాళ్లకు అతుక్కుని బతికే మెత్తని సముద్రజీవి) ముక్క ఒంటిమీద ఒక్క గుల్ల కూడా లేకుండా నున్నగా కనిపిస్తాయి. వాటికి పెంకు లేదు, ముల్లు లేదు, పారిపోయే కాళ్లూ లేవు. మరి ఎలా బతుకుతున్నాయి?

మెరైన్ కెమికల్ ఎకాలజీ అనే ఈ శాస్త్రమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కదల్లేని జీవులు తమ ఒంట్లో తయారు చేసుకునే రసాయనాలతో చేపల్ని, పీతల్ని, బ్యాక్టీరియాను, పక్కింటివాళ్లను ఎలా దూరం పెడతాయి, ఎలా దగ్గరకు పిలుస్తాయి అన్నది విషయం. స్పానిష్ డాన్సర్ అనే ఎర్రటి సముద్రపు నత్త సంగతి చూడండి. దానికి గుల్ల ఉండదు. అది స్పంజిని తిని, స్పంజిలోని చేదు పదార్థాలను తన ఒంట్లో దాచుకుంటుంది. అంతటితో ఆగక తన గుడ్ల రిబ్బనులో వాటిని ఇంకా చిక్కగా నింపుతుంది. 1988లో ఈ సంగతి ప్రచురించిన బృందంలో ఒకరైన జోసెఫ్ పావ్లిక్ పేరు కింద మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మన తీరంలో ప్రశ్నలకు కరువేం లేదు. కరీబియన్ సముద్రం నుంచి వచ్చిన మైటిలాప్సిస్ సాలీ అనే చిన్న గుల్ల 1967లో విశాఖ పోర్టులో బయటపడింది. ఓడల అడుగున, స్తంభాల మీద గుత్తులు గుత్తులుగా పెరిగిపోయే రకం అది. ఓడల అడుగున గుల్లలు పట్టకుండా ఒకప్పుడు టీబీటీ అనే తగరపు పెయింటు వేసేవారు. అది సముద్రజీవులకు విషమని తేలడంతో 2008 నుంచి అంతర్జాతీయంగా నిషేధం అమల్లోకి వచ్చింది. కాబట్టి "ఫలానా నాచు తన ఒంటిమీద గుల్లలు పట్టకుండా ఎలా చూసుకుంటోంది" అనే ప్రశ్నకు జీవశాస్త్రంలోనూ విలువ ఉంది, ఓడరేవులోనూ విలువ ఉంది.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. అందులో కనీసం ఇద్దరు ప్రాణులు ఉండాలి. "తీరంలోని స్పంజిల రసాయనాలను వేరుచేసి గుర్తించడం" అన్నదాంట్లో ఒకరే ఉన్నారు. అది మంచి కెమిస్ట్రీయే, ఎకాలజీ మాత్రం కాదు. "రాళ్ల గుంటల్లో తిరిగే చారల చేప ఈ స్పంజిని ఎందుకు కొరకదు" అన్నదాంట్లో ఇద్దరున్నారు. తేడా చిన్నదే. అయిదేళ్లు మీరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో ఈ తేడాయే తేలుస్తుంది.

2. ఆ ప్రశ్నకు ప్రయోగం ఉందా, చూడండి

ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుందాం. గైడుకు ఈమెయిలు రాసేనాటికి, ఇంటర్వ్యూకు వెళ్లేనాటికి మీకు పనికొచ్చేది ఇదే.

పావ్లిక్ బృందం కరీబియన్‌లో 71 రకాల స్పంజిల మీద చేసి 1995లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని పని. కొలిచే గొట్టంలో నీళ్లు పోసి అందులో స్పంజి ముక్క వేస్తారు. నీటిమట్టం సరిగ్గా 10 మి.లీ. పెరిగేంత ముక్క తీసుకుంటారు. దాన్ని డైక్లోరోమీథేన్, మిథనాల్ సగం సగం కలిపిన ద్రావణంలో నానబెట్టి సారం తీస్తారు. ద్రావణాన్ని ఆవిరి చేసేస్తే అడుగున జిడ్డుగా ఒక పూత మిగులుతుంది. ఇప్పుడు స్క్విడ్ మాంసం ఎండబెట్టి కొట్టిన పొడి 0.5 గ్రాములు, ఆల్జినేట్ (నాచు నుంచి తీసే జిగురు) 0.3 గ్రాములు నీళ్లతో కలిపి 10 మి.లీ. ముద్ద చేస్తారు. ఆ జిడ్డంతా ఈ ముద్దలోకి పోవాలి. 10 మి.లీ. స్పంజిలో ఎంత రసాయనం ఉందో, 10 మి.లీ. ముద్దలో సరిగ్గా అంతే.

ఆ ముద్దను సిరంజిలో నింపి కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి నొక్కుతారు. జంతికల గొట్టంలోంచి నూనెలోకి పిండి దిగినట్టే దిగుతుంది. నీళ్లు తగలగానే గట్టిపడి సేమియా పోగులా అవుతుంది. దాన్ని 4 మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే గుళికలు తయారు. సారం కలపకుండా ఇలాగే చేసిన గుళికలు పోలిక కోసం పక్కన పెట్టుకుంటారు. రంగు కూడా రెండింటికీ ఒకేలా ఉండాలి. లేకపోతే చేప రంగు చూసి వద్దందో, రుచి చూసి వద్దందో మీకు తెలియదు.

తర్వాత చేపకు ముందు మామూలు గుళిక వేస్తారు. తింటే సారం ఉన్నది వేస్తారు. నోట్లో వేసుకుని ఉమ్మేసి, మళ్లీ తీసుకుని మళ్లీ ఉమ్మేసి, మూడుసార్లు ప్రయత్నించి వదిలేస్తే వద్దన్నట్టు లెక్క. అప్పుడు వెంటనే ఇంకో మామూలు గుళిక వేయాలి. అది తింటేనే ముందుది చేదని వదిలిందని అర్థం. తినకపోతే దాని కడుపు నిండిపోయిందని, ఆ లెక్క కొట్టేయాలని అర్థం. పదింట్లో ఆరో అంతకంటే తక్కువో తింటే ఆ స్పంజికి రసాయన రక్షణ ఉన్నట్టు. ఆరే ఎందుకు? పోలిక గుళికలు పదికి పది తిన్నప్పుడు, సారం గుళికలు ఆరు తింటే ఫిషర్ పరీక్షలో ఒకవైపు పీ విలువ, అంటే ఈ తేడా కేవలం అదృష్టవశాత్తూ రాగల అవకాశం, 0.043 వస్తుంది. 0.05 లోపుంటే తేడా నిజమని ఒప్పుకుంటారు. ఏడు తింటే 0.105. కాగితం మీద మీరే లెక్క వేసి చూడండి, పది నిమిషాల పని. ఇంటర్వ్యూలో ఈ లెక్క బోర్డు మీద వేసినవాళ్లను కమిటీ తొందరగా మర్చిపోదు. 71 రకాల్లో 69 శాతానికి ఇలాంటి రక్షణ ఉందని వాళ్ల పరీక్షలో తేలింది.

ఇందులో అసలు కిటుకు ఆ 10 మి.లీ.లకు 10 మి.లీ. అన్న మాటలో ఉంది. కెమిస్టులకు ఎండిన బరువు ప్రకారం లెక్క కట్టడం అలవాటు. గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు అంటారు. చేప గ్రాముల్లో కొరకదు, నోటి నిండా కొరుకుతుంది. చేప నోటికి తగిలేది పరిమాణం. ప్రకృతిలో ఉన్న మోతాదుకు పది రెట్లు పోసి "చేపలు తినలేదు" అని రాస్తే ఉప్పు కూడా రసాయన రక్షణే అయిపోతుంది! మీరు చదివే ప్రతి పేపర్లోనూ ముందు ఈ మోతాదు వెతకండి. చాలావాటిలో కనిపించదు. కనిపించని చోట మీకు పని ఉన్నట్టే.

3. చోటు వెతకండి

మీకు రెండు కావాలి. సముద్రం దగ్గర్లో ఉండాలి. సారంలోంచి అణువును విడదీసి గుర్తించే యంత్రాలు, అంటే ఎల్‌సీ-ఎంఎస్, ఎన్ఎంఆర్ లాంటివి, ఉండాలి. రెండూ ఒకే గోడల మధ్య దొరకడం అరుదు.

సీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) కింద పనిచేసే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అదే ఎన్‌ఐవో, 1966 జనవరి 1న మొదలైంది. ప్రధాన కార్యాలయం గోవాలోని దోనా పావులాలో ఉంది. ముంబయి, కొచ్చి, విశాఖల్లో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. భావ్‌నగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ సీఎస్‌ఎంసీఆర్‌ఐకి తమిళనాడు మండపంలో సముద్రపు నాచు కేంద్రం ఉంది. నాచు మీద పని చేయాలనుకుంటే అది చూడాల్సిన చోటు. సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐకి విశాఖలో కేంద్రం ఉంది. అన్నామలై యూనివర్సిటీ వాళ్ల పరంగిపేట్టై కేంద్రం, కొచ్చిలో కుశాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ), ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో పాండిచ్చేరి యూనివర్సిటీ విభాగం కూడా జాబితాలో పెట్టుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఒకపక్క, మెత్తని పగడాల రసాయనాల మీద పనిచేసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ మరోపక్క ఒకే ఆవరణలో ఉన్నాయి. హైదరాబాద్‌లో సముద్రం లేకపోయినా రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ ఉంది. అణువు నిర్మాణం తేల్చే పనికి అది పెద్ద చోటు.

నా అభిప్రాయం అడిగితే, సముద్రం దగ్గర గైడు, కెమిస్ట్రీ దగ్గర కో-గైడు అన్న ఏర్పాటు మేలు. అటుదిటైతే మీ స్పంజి ఏడాదికి ఒకసారి ఐస్‌పెట్టెలో వచ్చే సరుకైపోతుంది.

4. పరీక్ష

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌ను జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. అయిదు సబ్జెక్టులున్నాయి. మీకు పనికొచ్చేవి లైఫ్ సైన్సెస్, కెమికల్ సైన్సెస్, సముద్ర విజ్ఞానం కలిసి ఉండే ఎర్త్ సైన్సెస్ పేపరు. మెరైన్‌లో పీహెచ్‌డీ కాబట్టి ఎర్త్ సైన్సెస్సే రాయాలేమో అని కొందరు కంగారు పడతారు. అక్కర్లేదు. మీరు ఎమ్మెస్సీలో ఏది గట్టిగా చదివారో అదే రాయండి. పరీక్ష పేపరు మీ పీహెచ్‌డీ టాపిక్‌ను నిర్ణయించదు.

లైఫ్ సైన్సెస్‌లో మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ సీలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. తప్పు రాస్తే పావు వంతు కోత. అంటే అన్నీ చదివినవాడికంటే తనకు రానివి వదిలేయడం తెలిసినవాడు గట్టెక్కే పరీక్ష ఇది. ఎకాలజీ, పరిణామం, జంతువుల ప్రవర్తన యూనిట్లు మీకు ఎలాగూ కావాలి కాబట్టి వాటినుంచే మొదలుపెట్టండి. ఇప్పుడు ఫలితాలు మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. ఫెలోషిప్ డబ్బు మొదటి రకానికే.

జేఆర్‌ఎఫ్ రాకపోతే దారి మూసుకుపోదు. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లకు కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం (డీఎస్‌టీ) ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. గేట్ స్కోరుతో తీసుకునే చోట్లున్నాయి. ప్రాజెక్టు అసోసియేట్‌గా చేరి, ఒక ఏడాది పని నేర్చుకుంటూ మళ్లీ నెట్ రాసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. నిజం చెప్పాలంటే వాళ్లలో కొందరు నేరుగా వచ్చినవాళ్లకంటే బాగా చేశారు, అప్పటికే చేతులు తడిసి ఉన్నాయి కాబట్టి.

5. గైడుకు ఈమెయిలు

సైంటిస్టుకు రోజూ వచ్చే ఉత్తరాలు ఇలా ఉంటాయి: "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్‌డ్ రీసెర్చ్." కింద నాలుగు పేజీల రెజ్యూమె. అదే ఉత్తరం ఇంకో నలభైమందికి పోయిందని చదివే ఆయనకు తెలుసు.

మీరు రాసేదాంట్లో మూడు ముక్కలు చాలు. వాళ్ల పేపరు ఏదో ఒకటి చదివి అందులో మీకు తట్టిన ఒక సందేహం. దాన్ని తేల్చడానికి మీరు చేయాలనుకునే ఒక పరీక్ష. మీకు ఫెలోషిప్ ఉందా, ఫలితం ఎప్పుడొస్తుంది అన్న సమాచారం. ఉదాహరణకు: "మేడమ్, మీ పేపర్లో ఈ నాచు సారం బార్నకిల్ లార్వాలను ఆపిందని ఉంది. ఆ మోతాదు నాచు ఉపరితలం మీద నిజంగా ఉండే మోతాదుకు దగ్గరగా ఉందా అన్నది నాకు అర్థం కాలేదు. ఉపరితలం నుంచి మాత్రమే సారం తీసి పోల్చి చూసే అవకాశం మీ ల్యాబులో ఉందా?" మర్యాద తగ్గకుండా ఇంత సూటిగా అడిగితే పదిమందిలో ముగ్గురైనా జవాబిస్తారు. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. ఆపైన వదిలేయండి.

జవాబు వస్తే గైడుతో మాట్లాడే ముందు, ఆ ల్యాబులో ఇప్పుడున్న స్కాలర్‌తో ఫోన్లో మాట్లాడండి. శాంపిల్స్ ఎవరు తెస్తారు, ఎన్ఎంఆర్ స్లాటు ఎన్నాళ్లకు దొరుకుతుంది, సీనియర్లు ఎన్నేళ్లకు సబ్మిట్ చేశారు. ఈ మూడూ అడిగితే చాలు, మిగతాది గొంతులోనే తెలిసిపోతుంది.

6. ప్రతిపాదన, ఇంటర్వ్యూ

సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో పీహెచ్‌డీ డిగ్రీ ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ ఇస్తుంది. ప్రవేశాలు ఏటా జనవరి, ఆగస్టు విడతల్లో. కోర్సు వర్కుతోపాటు గ్రామీణ సమస్య ఏదైనా తీసుకుని కొన్ని వారాలు పనిచేసే భాగం కూడా ఉంటుంది. దాన్ని తద్దినంలా కాకుండా జాలరిపేటలోనో, మరో మత్స్యకార గ్రామంలోనో పెట్టుకుంటే శాంపిల్స్ తెచ్చిపెట్టే మనుషులు మీకు అక్కడే దొరుకుతారు. యూనివర్సిటీల్లో పద్ధతి వేరు, ఎవరి నోటిఫికేషన్ వాళ్లది.

ప్రతిపాదన రెండు పేజీలు దాటనివ్వకండి. ప్రశ్న, ఇద్దరు ప్రాణుల పేర్లు, పరీక్ష, ఎన్ని నమూనాలు, ఏ నెలల్లో. అందరూ మర్చిపోయేది ఈ చివరిదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ట్రాలర్ వలలో పడే స్పంజిల మీద మీ పథకం నడుస్తుంటే ఆ రెండు నెలలు మీ చేతికి ఏమీ రాదు. ఆపైన వానలు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా సేకరణ, ఏప్రిల్ నుంచి సారాలు, వానాకాలంలో యంత్రాలు అన్నట్టు క్యాలెండరు గీయండి. అది చూస్తే ఈ పిల్ల సముద్రాన్ని చూసిందని కమిటీకి అర్థమవుతుంది.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "చేప తినలేదంటున్నారు. స్పంజి నిండా గాజు ముక్కల్లాంటి స్పిక్యూల్స్ ఉంటాయి కదా, అవి గుచ్చుకుని వదిలేసిందేమో?" దీనికి జవాబు మాటల్లో కాదు, ఇంకో గుళికలో ఉంది. స్పిక్యూల్స్ మాత్రమే విడదీసి, స్పంజిలో ఉన్న మోతాదులోనే ముద్దలో కలిపి వేయండి. కరీబియన్ స్పంజిల మీద పావ్లిక్ బృందం సరిగ్గా ఇదే చేసి, స్పిక్యూల్స్ చేపల్ని ఆపడం లేదని చూపించింది. మీ స్పంజిలోనూ అంతేనా అన్నది మీరు చూడాలి.

రెండో ప్రశ్న: "ఎన్ని నమూనాలు?" ఒకే స్పంజి ముక్క నుంచి వంద గుళికలు చేసి వంద అనకండి. అది ఒక్కటే. వేర్వేరు రాళ్ల మీద, వేర్వేరు రోజుల్లో తీసిన వేర్వేరు జీవులు ఎన్నో అదే మీ సంఖ్య.

7. చేరాక మొదటి నెలలు

జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. ఎస్ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక 42,000. ఇవి 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న అంకెలు. హాస్టల్ ఇవ్వకపోతే ఊరిని బట్టి ఇంటద్దె భత్యం ఉంటుంది. సీఎస్‌ఐఆర్ ఫెలోకు ఏడాదికి 20,000 కంటింజెన్సీ, అంటే పరిశోధన చిల్లర ఖర్చులకు, ఇస్తారు. మంచి ద్రావకాలు కొనడం మొదలుపెడితే అది ఎన్నాళ్లు వస్తుందో మీకే తెలుస్తుంది. అందుకే గైడుకు నడుస్తున్న ప్రాజెక్టు ఉందో లేదో ముందే కనుక్కోమనేది.

కాగితం మీద నెలకు 37,000 అన్నంత మాత్రాన ఒకటో తారీకు ఖాతాలో పడుతుందని అనుకోకండి. నాకు మొదటి అయిదు నెలలు ఒక్క రూపాయి రాలేదు. జాయినింగ్ రిపోర్టులో ఒక సంతకం ఒక బల్ల మీద ఆగిపోయింది, ఆ బల్ల ఏదో కనుక్కోవడానికే మూడు నెలలు పట్టింది. మెస్ బిల్లు మా బాబాయి కట్టాడు. వచ్చినప్పుడు అంతా కలిపి ఒకేసారి వచ్చింది, ఆ సంతోషం వేరే సంగతి. మీరు కనీసం నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి. పంపే ప్రతి కాగితానికి నకలు ఉంచుకోండి.

అనుమతుల పని మొదటి వారంలోనే మొదలుపెట్టండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి పగడాలు, సీ ఫ్యాన్‌లు (విసనకర్రలా పెరిగే పగడాలు), సముద్రపు దోసకాయలు, సముద్రపు గుర్రాలు రక్షిత జీవులు. వల్లో పడి చచ్చినదే కదా అని సీ ఫ్యాన్ ముక్క ల్యాబుకు తెచ్చినా ఇబ్బందే. స్పంజిలూ నాచూ ఈ విషయంలో చాలావరకు సులువు, అయినా ఏ జాతి ఏ షెడ్యూల్లో ఉందో చూసుకోండి. మీ సారాన్ని విదేశీ ల్యాబుకు పంపాలంటే జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప తొక్కాలి. చేపలతో ప్రయోగానికి సంస్థలోని ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకోండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పేపరు పంపినప్పుడు జర్నల్ వాళ్లు అడుగుతారు, అప్పుడు వెనక్కి వెళ్లి తెచ్చుకునేది కాదు.

8. మొదటి సీజన్

వాతావరణానికి, అలల ఎత్తుకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలు చూడండి. ఆటు ఎప్పుడో టైడ్ టేబుల్లో ఉంటుంది. రాయి మీద ఎక్కడ కాలు పెట్టాలో మాత్రం రెండింట్లోనూ ఉండదు. దానికి జాలరిపేట నుంచి ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. ఒంటరిగా ఎప్పుడూ దిగకండి. నేను వెళ్లేటప్పుడు వచ్చే బాబాయి ఒకాయన, సముద్రానికి వీపు పెట్టి ఎవరు వంగినా కేకేసేవాడు. మొదట్లో చిరాకొచ్చేది. ఒకరోజు ఒక అల వచ్చి నా బకెట్టునూ అందులోని పదిహేడు నమూనాలనూ పట్టుకుపోయాక చిరాకు పోయింది.

తీసిన ప్రతి జీవికి ముందు నీళ్లలో ఉండగానే ఫొటో. బయటికొచ్చాక స్పంజిలన్నీ ఒకే మట్టి ముద్దలా కనిపిస్తాయి. చిన్న ముక్క ఆల్కహాల్లో గుర్తింపు కోసం, మిగతాది వెంటనే ఐసులో, ల్యాబుకు రాగానే డీప్ ఫ్రీజర్లో. స్పంజిని గుర్తించడానికి గోరంత ముక్క మీద బట్టలకు వాడే బ్లీచ్ రెండు చుక్కలు వేయండి. మాంసం కరిగిపోయి స్పిక్యూల్స్ మాత్రం మిగులుతాయి. మైక్రోస్కోపు కింద సూదులు, లంగరు కొక్కేలు, నక్షత్రాలు కనిపిస్తాయి. ఆ ఆకారాలను బట్టే జాతి చెబుతారు. పేరు లేని స్పంజి మీద ఎంత గొప్ప అణువు దొరికినా రెండోసారి ఎవరూ దాన్ని వెతికి తేలేరు.

లేబుళ్ల సంగతి. పర్మనెంట్ మార్కర్ అనే పేరు నమ్మి నేను మొదటి ఏడాది నలభై సీసాల మీద దాంతో రాశాను. ఒక సీసా మూత వదులై మిథనాల్ కారింది. పర్మనెంట్ అంతా నీలం మరకైపోయింది. ఏ సారం ఏ రాయిదో తెలియని నలభై సీసాలు, నాలుగు నెలల పని. పెన్సిల్‌తో కాగితం ముక్క మీద రాసి సీసాకు చుట్టి పైన టేపు వేయండి. పెన్సిల్ గీత ఏ ద్రావకంలోనూ కరగదు.

డైక్లోరోమీథేన్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే, అంటే ఆవిర్లను బయటికి లాగేసే గూటిలోనే. సారం ఆవిరి చేసేటప్పుడు నీళ్ల తొట్టి 40 డిగ్రీలు దాటనివ్వకండి. తొందరపడి వేడి పెంచితే మీరు వెతుకుతున్న అణువే విరిగిపోయి, లేనిదాని కోసం ఏడాది తిరుగుతారు.

9. రెండో ఏడాది చివర

రెండేళ్లకు బయటి నిపుణుడితో కలిపి ఒక కమిటీ కూర్చుని మీ పని చూస్తుంది. అది ఒప్పుకుంటే ఎస్ఆర్‌ఎఫ్. దీనికి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ, సిద్ధమయ్యేవాళ్లు తక్కువ. పేపరు ఉండి తీరాలని ఏమీ లేదు. ఒక సీజన్ డేటా, గుళికల లెక్కలు, సారాన్ని విడగొట్టుకుంటూ పోతే ఏ భాగంలో చేదు మిగిలిందో చూపించే ఒక పటం ఉంటే చాలు.

పీహెచ్‌డీలో రిజిస్టరై కొంతకాలం అయ్యాక విదేశాల్లో కొన్నాళ్లు పనిచేయాలనుంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలకు ఇస్తారు. దాని దరఖాస్తు పని ఏడాది ముందే మొదలవుతుంది. కాబట్టి ఎస్ఆర్‌ఎఫ్ స్లైడ్లు చేసేటప్పుడే ఆ వ్యాసం కూడా రాసి పెట్టుకోండి, సరుకు ఒకటే.

నా కమిటీ గంటా పదిహేను నిమిషాలు నడిచింది. స్లైడ్లు ముప్పై రెండు చేసుకెళ్లాను, ఆరో స్లైడు దగ్గరే ఆపేశారు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్లజోడు తీసి ఒకటే అడిగాడు: "ఒక మి.లీ. స్పంజిలో ఇది ఎన్ని మిల్లీగ్రాములుంది బాబూ?" నోట్‌బుక్ తీసి పేజీ చూపించాను. ఆయన ఆ అంకెను తన కాగితం మీద రాసుకుని, టీ తెప్పించమన్నాడు.